కొండంతా ఒక్క ట్రిప్పులో

మా చిన్న బాబాయిని ఊళ్ళో అందరూ నురగ అనే పిలిచేవారు. ఇంట్లో మేం నురగ బాబాయి అనేవాళ్ళం. ఆయనకి అందులో తప్పేమీ కనిపించేది కాదు. మా ఇంటిల్లిపాదీ బతికేదే నురగ మీద కదా అనేవాడు. కొండవాలున ద్రాక్ష పండించి, వాకిలి అవతల షెడ్డులో రసం పిండి, బుడగల వైను చేసే కంపెనీకి ఇవ్వడం మా తాతగారి నాటినుంచీ వస్తున్న పని.

మూత తీస్తే తెల్లగా పొంగే ఆ వైనుకి మా దగ్గర మూడు రకాల ద్రాక్ష వేసేవాళ్ళం. కంపెనీ వాళ్ళు వాటిని శార్డొనే, పినో న్వార్, మునియే అంటారు. మా ఇంట్లో తెల్లది, నల్లది, పిండాకుది అనేవారు. మూడోదాని ఆకు తిరగేస్తే పిండి చల్లినట్టు తెల్లటి నూగు ఉంటుంది, అందుకని ఆ పేరు. కొత్తవాళ్ళు ఒక పట్టాన నమ్మరు గానీ, ఈ మూడింట్లో రెండు నల్లటి పళ్ళే. వాటిలోంచి తెల్లటి రసం తీయాలి. రంగంతా తొక్కలో ఉంటుంది, లోపలి గుజ్జు తెల్లగానే ఉంటుంది. పండు చిట్లకుండా కొండ దింపి, గుత్తులు గుత్తులుగానే ప్రెస్సులో పేర్చి, ఓపిగ్గా నొక్కితే తొక్క తన రంగుని తన దగ్గరే ఉంచుకుంటుంది. ఎక్కడైనా చెయ్యి బరువైతే రసం గులాబీ రంగుకి తిరుగుతుంది. ఇక తెల్ల వైనుకి దాన్ని ఎవరూ ముట్టుకోరు.

ఇది పెద్దనాన్న పోయాక వచ్చిన మొదటి కోతనాటి సంగతి. ప్రెస్సు దగ్గర ఆయన చోట ఆయన కూతురు, మా అక్క, నిలబడింది. కంపెనీ వాళ్ళు మర్యాదగానే చెప్పారు. ఈ ఏడు అమ్మాయి తీసిన నల్లదాని రసం తెల్లగా వస్తే షెడ్డు మీకే ఉంచుతాం, లేకపోతే వచ్చే ఏటినుంచి పళ్ళని పళ్ళలాగే మా లారీల్లో తీసుకుపోతాం, ప్రెస్సు విప్పేసుకోండి అన్నారు. అక్కకి ఆ ప్రెస్సు తప్ప ఇంకో ధ్యాస లేదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పక్కన నిలబడి, ఆ గుండ్రటి చెక్క చట్రానికి చెవి ఆనించి, లోపల పళ్ళు కుదురుకునే చప్పుడు వింటూ గడిపిన మనిషి. నీకేం వినబడుతుందే అని అడిగితే, ఇక చాలు అంటున్నాయి నాన్నా అని చెప్పేదట.

తెల్లది అంతకు ముందే గట్టెక్కింది. ఆ రోజు నల్లదాని వంతు. పై వాలులో సగం పొద్దున్నే కోశారు, మిగతా సగం మర్నాటికి ఉంచారు. రసం చూసి ఔనో కాదో చెప్పడానికి కంపెనీ రుచులాయన వచ్చి మా వరండాలో కూర్చున్నారు. మాట మెత్తన, బట్టలు శుభ్రం. పలచటి గాజు గ్లాసుని తోలు పెట్టెలో పెట్టుకుని ఒళ్ళో ఉంచుకున్నారు. ఆయన పక్కన పీపాలు బిగించే మేస్త్రి, రసం ట్యాంకరు తోలుకొచ్చిన డ్రైవరు. గోడవారన నాయనమ్మ కోత కత్తెరలు ముందేసుకుని, నూనెగుడ్డతో ఒక్కొక్కటీ తుడుస్తోంది. నేను టీ కప్పులు పట్టుకుని షెడ్డుకీ వరండాకీ మధ్య తిరుగుతున్నాను.

మొదటి రసం తొట్టిలోకి దిగినప్పుడు నేను అక్క పక్కనే ఉన్నాను. గులాబీ రంగు. పలచగా, ఎవరో ఎర్ర అంచు చీర జాడించిన నీళ్ళలా ఉంది. అక్క ప్రెస్సు మూతని కాస్త పైకి లేపింది, బరువు తగ్గించింది, చెవి ఆనించి వింది. రెండో ధార కూడా అదే రంగులో వచ్చింది.

"ఆయన్ని ఇప్పుడు లోపలికి రానివ్వకు" అంది నాతో, తల తిప్పకుండా. "బాబాయిని మాట్లాడమను."

ఎంతసేపు అని అడిగాను. నేను చెప్పేదాకా అంది.

బాబాయిని మాట్లాడమని మా ఇంట్లో ఎవరైనా అడగడం అదే మొదలు. ఆయన నోరు మూయించడానికి మా పెద్దవాళ్ళు పడని పాట్లు లేవు. అయితే ఆ రోజు పొద్దుటినుంచీ ఆయన ఎందుకో పెదవి విప్పలేదు. మెట్టు మీద ఒక పక్కగా కూర్చుని, ఇచ్చిన టీ కూడా తాగకుండా చల్లారబెట్టాడు. వంగి చెవిలో విషయం చెప్పాను. గులాబీ రంగా అని అడిగాడు, చాలా నెమ్మదిగా. అవునన్నాను. ఆయన మొహంలో నెత్తురు లేకుండా పోయింది. మరుక్షణం లేచి, కుర్చీ లాక్కుని, దాన్ని రుచులాయనకీ షెడ్డు తలుపుకీ సరిగ్గా మధ్యన వేసుకుని కూర్చున్నాడు.

"సార్, మీకు తెలియని విషయం కాదు" అని మొదలుపెట్టాడు. "చిన్న సంగతే, చెప్పుకునేంతది కూడా కాదు. నాకు మీసాలు వచ్చీ రాని రోజులు. కంపెనీ నేలమాళిగలో పెద్ద మేస్త్రి ఒకాయన ఉండేవాడు, ఆయన ముందు నోరెత్తాలంటే భయం అందరికీ. ఆయన నా కళ్ళకి గంతలు కట్టించి, మూడు రకాల ఆకులూ తెచ్చి, ఏది ఏదో చెప్పరా చూద్దాం అన్నాడు. నేను చెప్పాను. అంతే. అందులో పెద్ద గొప్పేముంది."

పీపాల మేస్త్రి అదే అన్నాడు, గొప్పేముంది అని. పిండాకు నూగు వేలికి తగిలితే గుడ్డివాడైనా చెప్తాడన్నాడు.

"అదీ, అక్కడికే వస్తున్నాను. వేలికి తగిలితే ఎవడైనా చెప్తాడు. నేను వేలు పెడితేగా? నా చెవి దగ్గర ఊపమన్నాను. తెల్లదాని ఆకు పలచగా పలుకుతుంది సార్, నల్లదాని గొంతు కాస్త బొంగురు, పిండాకుది అసలు మాట్లాడదు, గొంతులో పిండి అడ్డం కదా. ఇటు ఊపారు, నల్లది అన్నాను. అటు ఊపారు, తెల్లది అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నన్ను బోల్తా కొట్టిద్దామని ఏ ఆకూ ఊపకుండా నిలబడ్డారు. నేను కాసేపు విని, పెద్ద మేస్త్రిగారూ, మీ చేతిలో ఇప్పుడు ఏమీ లేదు గానీ, పొద్దున మీరు నల్లదాని వరసలోంచే నడిచి వచ్చారు, మీ చెప్పు చెప్తోంది అన్నాను. ఆయన ఆ చెప్పులు అక్కడే విడిచి, ఉత్త కాళ్ళతో ఇంటికి వెళ్ళిపోయాడు."

డ్రైవరు నవ్వాడు. రుచులాయన కూడా కొంచెం నవ్వి, మెడ వంచి బాబాయి భుజం పక్కనుంచి షెడ్డు వైపు చూశారు. బాబాయి కుర్చీ కాస్త అటు జరిగింది.

"చెప్పుల సంగతి వదిలెయ్యండి సార్, మంచు పడ్డ ఏడు వినాలి మీరు. చలి పోయిందనుకున్నాక, తీగలు కళ్ళు తెరిచాక పడిందది. మీకు తెలుసుగా, తెల్లదీ నల్లదీ తొందరపాటు మనుషులు, కాస్త ఎండ తగిలితే చాలు చిగురు బయట పెట్టేస్తాయి. పిండాకుది బద్ధకస్తుడు, వాడు లేచేసరికి ప్రమాదం దాటిపోతుంది. తెల్లవారుతుండగా చూస్తే కొండ మీంచి మంచు పాకుతూ దిగుతోంది, పిల్లి దిగినట్టు. అందరూ కుంపట్లు తెండి, గడ్డి తెండి అని పరిగెడుతున్నారు. నేను మాత్రం వరసల మధ్యకి వెళ్ళి, ఒరేయ్ పిల్లలూ, ఇంకా తెల్లారలేదురా, పడుకోండి అన్నాను. చిగుళ్ళు నా వైపు చూశాయి. జోల అందుకున్నాను. ఒక్కొక్కటే ఆవులించి, వెనక్కి వెనక్కి వెళ్ళి, కణుపుల్లో దూరి, దుప్పటి కప్పుకున్నాయి. మంచు వచ్చి, ఎవరూ లేరేమిటని చూసుకుని, పక్క కొండకి పోయింది."

ఏం జోల పాడావన్నా అని డ్రైవరు అడిగాడు. చిన్నప్పుడు మా అమ్మ నాకు పాడిందే అన్నాడు బాబాయి. నాయనమ్మ కత్తెర మీంచి తల ఎత్తకుండానే, వీడికి నేనెప్పుడూ జోల పాడలేదు, వీడి ఏడుపులో పాటకి చోటుండేది కాదు అంది. ఆ మాటకి రుచులాయన బాగా నవ్వారు. ఆ నవ్వు ఆగేలోగా నేను షెడ్డులోకి వెళ్ళాను.

అక్క ప్రెస్సు ఆపేసింది. రసం చేతిలోకి తీసుకుని వాసన చూస్తోంది. గులాబీ రంగు ఇంకొంచెం చిక్కబడింది. గుత్తుల్ని పేర్చిన తీరు చూసింది, మూత కింద గోనె సరిచూసింది, తన చేతుల్ని తనే తిప్పి తిప్పి చూసుకుంది. కారణం దొరకడం లేదు. కంపెనీ వాళ్ళు నిన్ననే కోయమన్నారు. పండు ఇంకా పచ్చి పులుపుగా ఉంది, ఒక్క రోజు ఆగుదామని పట్టుబట్టింది అక్కే. ఇప్పుడు ఆ ఒక్క రోజే ఆమె గుండెల మీద కూర్చుంది.

"ముదిరిపోయి ఉంటుంది. నాన్న అయితే నిన్ననే కోసేవాడు" అంది.

పండు నేనూ తిన్నాను, పులుపు బాగానే ఉందన్నాను. తినే నోరు వేరు, పిండే చెయ్యి వేరు అంది. కాసేపు చూసి తనే వెళ్ళి, తప్పు నాదేనని ఆయనతో చెప్పేస్తానంది. అలా చెప్తే ఇక ఆ షెడ్డులో ఆమెకి చోటుండదు. ఆ సంగతి నాకూ తెలుసు, తనకీ తెలుసు. మిగతా సగం పండు కూడా అదే వాలులో, అదే ఎండలో ఉంది. రోజు తప్పైతే అదీ పోయినట్టే. నాకు ఏం చెయ్యాలో తోచక, దేవుడా, దీని చేతిని దీనికి తిరిగి ఇవ్వు అని మనసులో అనుకుని బయటికి వచ్చాను.

వరండాలో రుచులాయన లేచి నిలబడ్డారు. గ్లాసు పెట్టె చంకలో ఉంది. మొదటి ధార ఈపాటికి దిగి ఉంటుంది కదా అంటున్నారు. బాబాయి ఆయన మోచెయ్యి పట్టుకున్నంత పని చేశాడు.

"వెళ్దురుగాని సార్, ఒక్క మాట. నేలమాళిగ పేలిన ఏడు మీరింకా కంపెనీలో చేరి ఉండరు. సీసాలన్నీ చెక్కల్లో తలకిందులుగా గుచ్చి ఉంటాయి కదా, రోజూ కాస్త కాస్త తిప్పాలి, మడ్డి మూతి దగ్గరికి దిగడానికి. ఒక్కో మనిషి రెండు చేతుల్తో రెండేసి సీసాలు తిప్పుతాడు. నేను చేతులతో రెండు, కాళ్ళతో రెండు తిప్పేవాణ్ణి. తర్వాత అలవాటై, గుమ్మంలో నిలబడి దగ్గితే వరసంతా పావువంతు తిరిగేది. సరే, ఆ ఏడు ఎండ ముదిరింది, లోపల గాలి వేడెక్కింది. ఒక సీసా ఢాం అంది. ఒకటి పేలిందంటే పక్కది పేలుతుంది, దాని పక్కది పేలుతుంది, ఆ సంగతి మీకు చెప్పాలా. అందరూ మెట్లెక్కి పారిపోతున్నారు. నేను దిగుతున్నాను."

ఎందుకు దిగావని పీపాల మేస్త్రి అడిగాడు. అందరూ ఎక్కుతుంటే మెట్ల మీద పైకి చోటెక్కడిది అన్నాడు బాబాయి, ఊపిరి తీసుకోకుండా.

"దిగి, ఒక సీసా మూతి మీద బొటనవేలు పెట్టాను, ఇంకోదాని మీద మడమ, ఇంకోదాని మీద గడ్డం. మిగతావి ఎన్నని ఆపను? అప్పుడు ఆలోచన వచ్చింది. వీటి బాధంతా లోపలి గాలే కదా. నోరు తెరిచి పీల్చాను. నేలమాళిగలో ఉన్న గాలంతా, ఏళ్ళ తరబడి సీసాల్లో మగ్గిన గాలంతా నా కడుపులోకి వచ్చేసింది. సీసాలు శాంతించాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను లేచాను. కుర్చీలోంచి లేచినట్టు కాదు సార్, నేల మీంచి లేచాను. పైకప్పు తగిలింది, పెంకులు తొలిగాయి, ఆకాశంలోకి వచ్చేశాను. ఈ మేస్త్రి వాళ్ళ నాన్న పరిగెత్తుకొచ్చి నా కాలికి తాడు విసిరి, దాన్ని పెద్ద పీపాకి కట్టాడు గనక సరిపోయింది. మూడు రోజులు కొండ మీద గాలిలోనే ఉన్నాను. ద్రాక్ష ఎక్కడ పండిందో, ఎక్కడ పండలేదో పైనించి చెప్తూ ఉండేవాణ్ణి, కింద వాళ్ళు కోసుకునేవారు. ఇప్పటికీ నాకు తేన్పు వస్తే ఈ వీధిలో కిటికీలు మోగుతాయి."

మా నాన్న ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదే అన్నాడు మేస్త్రి. ఎలా చెప్తాడు, తాడు తప్పు కొస పట్టుకున్నానని సిగ్గు ఆయనకి అన్నాడు బాబాయి.

డ్రైవరు తొడ కొట్టుకుని నవ్వుతున్నాడు. బాబాయి ముఖాన మాత్రం చెమట కారుతోంది. ఆయన కోతలు కోసేటప్పుడు మొహం వెలిగిపోతుంది, వినేవాళ్ళకంటే ముందు తనే నవ్వుతాడు. ఆ రోజు ఒక్కసారి కూడా నవ్వలేదు. వెనక ఎవరో తరుముతున్నట్టు చెప్పుకుపోతున్నాడు.

రుచులాయన ఒక మెట్టు దిగారు. బాబాయి లేచి ఆయనకి ఎదురుగా కింది మెట్టు మీద నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా జానెడు చోటుంది.

"ఇన్ని చేశారు కదా మీరు" అన్నారు రుచులాయన, మెత్తగానే. "నల్లదాన్ని చిట్లకుండా కొండ ఎలా దింపుతారు? మా వాళ్ళకి ఎవరికీ సరిగ్గా చేతకావడం లేదు."

అంత మాటల పుట్టా ఒక్క క్షణం అడుగంటింది. నాయనమ్మ కత్తెర తుడుస్తున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. తర్వాత బాబాయి గొంతు పైకి లేచింది, అంతకు ముందెప్పుడూ లేవనంత పైకి.

"అలా అడగండి సార్. క్రేటులో పండు అంచు దాటకుండా నింపాలి, ఒకదాని మీద ఒకటి పెడితే చెక్క మీద చెక్క ఆనాలి గానీ పండు మీద ఆనకూడదు, మెల్లగా పోవాలి, మెల్లగా రావాలి, నాలుగు ట్రిప్పులు వెయ్యాలి. ఇది మామూలు మనుషులకి. ఒక ఏడు ఏమైందంటే, పండు కోసి పెట్టారు, నేను బండి పెట్టాను, తలెత్తి చూస్తే కొండ వెనక మబ్బు. కాటుకలాంటి మబ్బు. వాన తగిలిందా, కోసిన పండు క్రేట్లలోనే కుళ్ళుతుంది. నాలుగు ట్రిప్పులు వెయ్యి బాబాయ్, తొందరేం లేదు అని పిల్ల చెప్పింది, చెప్పిందంటే, మా అన్న చెప్పాడు, అన్న ఉన్న రోజులవి. నేను విన్నానా? కొండంతా ఒక్క ట్రిప్పులో దించేస్తాను చూడండి అన్నాను."

నాయనమ్మ చేతిలో గుడ్డ ఆగింది.

"క్రేటు మీద క్రేటు, క్రేటు మీద క్రేటు. పై క్రేటు ఎక్కించడానికి నిచ్చెన చాలక నిచ్చెన మీద నిచ్చెన వేశాం. మబ్బు అడ్డమొస్తే పై క్రేటుతో పక్కకి నెట్టాను. పిట్టలు మధ్యలో గూళ్ళు పెట్టుకున్నాయి. బండి కదిలింది సార్. మలుపు దగ్గర బండి తిరగలేదు, రోడ్డే పక్కకి జరిగి దారిచ్చింది. ముందు చక్రాలు ఈ వాకిట్లోకి వచ్చేశాయి, వెనక చక్రాల దగ్గర ఇంకా కొండ మీద పండు ఎక్కిస్తూనే ఉన్నారు. ఇక్కడ నేను హారన్ కొడితే అక్కడివాళ్ళు చాలు చాలని చేతులూపారు. అన్నీ దించాక అట్టడుగు క్రేటులోంచి ఒక పండు తీసి చూశాను. కొండ బరువంతా దాని మీదే ఉంది కదా. చిట్లలేదు సార్. ఒక్కటి చిట్లలేదు. గీత కూడా పడలేదు. నవ్వుతూ ఉంది. ఒక్కటంటే ఒక్కటి..."

ఆ మాట దగ్గర షెడ్డు తలుపు తెరుచుకుంది. అక్క బయటికి వచ్చింది. చేతిలో గ్లాసు. ఎండలోకి వచ్చేసరికి అందులో రంగు దాచడానికి వీల్లేకుండా మెరిసింది. రుచులాయన దాన్ని చూశారు. డ్రైవరు, మేస్త్రి చూశారు. బాబాయి వెనక్కి తిరగలేదు, అందరి కళ్ళూ ఎటు వెళ్ళాయో చూసి తల దించుకున్నాడు.

"మిమ్మల్ని కూర్చోబెట్టించింది నేనేనండి" అంది అక్క. "రసం రంగు తిరిగింది. మీరు నిన్న కోయమన్నారు, ఒక రోజు ఆగుదామన్నది నేను. తప్పు..."

"నువ్వాగవే" అంది నాయనమ్మ.

కత్తెర ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. గోడ పట్టుకుని లేచి, వరండా అంచుకి వచ్చింది.

"ఒరేయ్, కొండంతా ఒక్క ట్రిప్పులో దించానన్నావే, అది ఏ ఏడాది మాట?"

బాబాయి చాలా ఏళ్ళయిందమ్మా అన్నాడు. అన్న ఉన్నప్పుడు అన్నాడు. ఆ ఏడాది రసం నీళ్ళలా వచ్చిందని, కంపెనీ వాళ్ళు దండలు వేశారని ఇంకా ఏదో చెప్పబోయాడు.

"మరి ఆ ఏడాది రసానికి ఇవాళ కందిరీగలెందుకు వచ్చాయిరా?"

ఆమె వేలు చూపించిన వైపు అందరం చూశాం. గోడ నీడన బాబాయి బండి నిలబడి ఉంది, వెనక తలుపు దించి ఉంది. అడుగు చెక్కలు తడిసి నల్లబడ్డాయి. సందుల్లోంచి చుక్క చుక్కగా కింద మట్టిలోకి కారుతోంది. చెక్కల మీద కందిరీగలు ముసిరి ఉన్నాయి, ఆ చప్పుడు మాకు అప్పటిదాకా ఎలా వినబడలేదో తెలియదు.

పొద్దుటినుంచీ ఇక్కడే కూర్చున్నాను, నీ బండి కొండ మీంచి ఒక్కసారే దిగింది, తక్కిన ట్రిప్పులు వెనక దారిన వచ్చాయేమో అనుకున్నాను అంది నాయనమ్మ.

ఎవరూ నవ్వలేదు. రోడ్లనే పక్కకి జరిపిన మనిషి, మెట్టు మీద నిలబడ్డ చోటునుంచి ఎటూ కదల్లేక పోయాడు.

"వాన వస్తుందేమో అనుకున్నానే" అన్నాడు చివరికి, అక్కతో.

అక్క ఆయన వైపు చూసింది. కోపంగా చూస్తుందనుకున్నాను. ఆమె కళ్ళు అప్పటికే లెక్కలు కట్టుకుంటున్నాయి.

"షెడ్డులో చూసినప్పుడు క్రేట్లన్నీ అంచుకి సమానంగానే ఉన్నాయి కదా బాబాయ్."

గేటు దగ్గర ఆపి, అంచు పైకి పొంగిన గుత్తులు తీసి ఖాళీ క్రేట్లలో సర్దానని చెప్పాడు. అణిగినవి కనబడకుండా పైన మంచి గుత్తులు పేర్చానని కూడా చెప్పాడు.

"అడుగున ఉన్నవి ఎక్కడున్నాయి?"

"చివర దించాను. అవే ముందు వరస. నువ్వు ప్రెస్సులో వేసినవి అవే." ఆయన నోటి నుంచి అంత పొట్టి మాటలు నేనెప్పుడూ వినలేదు. "పైన ఎక్కించినవి గోడ దగ్గర ఉన్నాయి. వాటి మీద బరువు పడలేదు."

అక్క పరిగెత్తింది. రుచులాయన కూడా ఆమె వెనకే షెడ్డులోకి నడిచారు, ఆయన్ని ఆపడానికి ఇప్పుడు ఎవరికీ కారణం లేదు. గోడవార దొంతర దగ్గర ఆయన శుభ్రమైన బట్టలతోనే మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఒక క్రేటు పైకెత్తి అడుగున వేలితో రాసి చూశారు. పొడిగా ఉంది. మధ్యలోంచి ఒక గుత్తి తీసి, ఒక పండు తుంచి, అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో మెల్లగా నొక్కారు. తొక్క ఒక పక్కకి జారింది. చేతిలో రసం నిలిచింది. వాన నీళ్ళకి కాస్త ఎండుగడ్డి రంగు కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. నాలుకకి తాకించుకుని కళ్ళు చిట్లించారు.

"రోజు తప్పలేదమ్మా" అన్నారు. "నిన్న కోసుంటే పులుపుకి నోట్లో పళ్ళు జివ్వుమనేవి."

అక్క ప్రెస్సు చట్రాన్ని రెండు చేతులా పట్టుకుంది. తర్వాత కొంగు బిగించి, లోపలి పండంతా బయటికి తోడించింది. చెక్కల్ని కడిగి, తుడిచి, మళ్ళీ కడిగింది. గోడ దగ్గరి క్రేట్లు ఒక్కొక్కటీ తనే ఎత్తి, అడుగు తడిమి, తడి తగిలిన దాన్ని పక్కకి నెట్టింది. పొడిగా ఉన్న వాటినే చట్రంలో పేర్చింది. మూత దిగడం మొదలయ్యాక చెవి ఆనించింది. మేస్త్రి, డ్రైవరు గుమ్మంలో నిలబడి చూశారు. వాకిట్లో బాబాయి బకెట్టు పెట్టుకుని బండి చెక్కలు ఒక్కడే కడుగుతున్నాడు. కందిరీగలు ఆయన చుట్టూ తిరుగుతున్నా తోలుకోలేదు.

పొద్దు వాలేవేళకి రసం దిగింది. రుచులాయన తన గ్లాసు పెట్టెలోంచి తీసి, నింపి, తెల్లటి చొక్కా చేతికి ఎదురుగా పెట్టి చూశారు. గ్లాసు వెనక చొక్కా కుట్లు కనబడ్డాయి. తాగి, ఇంకో గ్లాసు అడిగారు. ప్రెస్సు ఉంటుందా, ఊడుతుందా అన్న మాట ఆయన ఎత్తలేదు. రేపు మిగతా సగం ఎన్నింటికి మొదలుపెడతారు, నేను ఎన్నింటికి రావాలి అని అడిగారు. అక్క చెప్పింది. ఆయన గ్లాసు తుడిచి పెట్టెలో పెట్టుకున్నారు. చెడిన రసాన్ని ఏం చేస్తారని వెళ్ళేముందు అడిగితే, మా ఇంట్లో తాగడానికి ఒకాయన ఉన్నాడులెండి అంది నాయనమ్మ.

ఆ సాయంత్రం బండి తాళాలు తెచ్చి బాబాయి అక్క ముందు పెట్టాడు. డ్రైవరుకి ఇవ్వమన్నాడు. అక్క వాటిని తీసుకోలేదు. నాలుగు ట్రిప్పులు బాబాయ్, తొందరేం లేదు అంది, పొద్దున చెప్పినట్టే.

మర్నాడు తెల్లారేసరికి బండి ముందు సీట్లో నాయనమ్మ కూర్చుని ఉంది, నడుము వెనక దిండు పెట్టుకుని. బాబాయి తోలుతుంటే నడిచి వెళ్ళే కోతవాళ్ళు బండిని దాటుకుని కొండెక్కేశారు. దారిలో ఆవిడేమందో, ఆయనేమన్నాడో ఎవరికీ తెలియదు, బాబాయి ఆ ఒక్క రోజు గురించి ఇప్పటిదాకా ఎవరికీ ఏమీ చెప్పలేదు. బండి వచ్చి ఆగినప్పుడల్లా ముందు ఆవిడ దిగేది. ఒక క్రేటు పైకెత్తించి, అడుగున అరచెయ్యి ఆనించి చూసి, షెడ్డు గుమ్మంలో నిలబడ్డ అక్కకి ఆ పొడి చేతిని చూపించి, మళ్ళీ ఎక్కి కూర్చునేది.